ముందు పరీక్ష, తర్వాతే రొక్కం: బ్యారెల్ ట్యూనర్ తీర్మానం మీద మా మాట

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదవకుండా కింద దండాలు, చప్పట్ల బొమ్మలు పెట్టొద్దని మనవి. పోయినసారి అట్లాగే చప్పట్లు కొట్టి ఈ తీర్మానం దాకా తెచ్చుకున్నాం.

పోయిన సమావేశంలో క్రీడానిధి నుంచి రెండు బ్యారెల్ ట్యూనర్లు కొనాలని కమిటీ తీర్మానం పెట్టింది. ఒకటి మన అమ్మాయి వాడుతున్న పాయింట్ టూటూ రైఫిల్‌కు, రెండోది వచ్చే ఏడాది యాభై మీటర్లకు మారతాడనుకుంటున్న చిన్నోడికి. మేం నలుగురం చేతులెత్తలేదు. ఆ రాత్రే ఒక పెద్దాయన గ్రూపులో పెట్టారు: "బిడ్డ నేషనల్స్‌కు పోతుంటే అడ్డం పడేవాళ్లు కూడా మనలో ఉన్నారు" అని. పేరు పెట్టలేదు కానీ బండ్రిలో ఎవరి గురించో తెలియనివాళ్లు లేరు. మరుసటి పొద్దున పాలకేంద్రం దగ్గర మమ్మల్ని చూసి ముగ్గురు మొహం తిప్పుకున్నారు. అందుకే ఈ రాత.

మేం బిడ్డకు అడ్డం పడలేదు. బిడ్డ పేరు చెప్పి మన దగ్గరికి వచ్చిన బేరానికి అడ్డం పడ్డాం. ఈ రెండూ వేరు.

ముందు ఆ వస్తువేందో తెలియనివాళ్లకు చెప్తాం. బ్యారెల్ ట్యూనర్ అంటే రైఫిల్ గొట్టం మూతి దగ్గర బిగించే ఒక బరువు. దాని మీద గీతలూ అంకెలూ ఉంటాయి. మరలా తిప్పితే ఆ బరువు వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుగుతుంది. అంతే. లోపల స్ప్రింగులు లేవు, కరెంటు లేదు. అది పనిచేస్తుందనే మాటకు ఆధారం ఉంది, ఆ మాట మేమే ఒప్పుకుంటున్నాం. ట్యూనర్ అనేదే బోగస్ అని మేం అన్నట్టు ఎవరో ప్రచారం చేస్తున్నారు. మేం అట్లా అనలేదు.

ట్రిగ్గర్ నొక్కి, మందు అంటుకున్నాక గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యింట రెండు మూడు వంతులు మాత్రమే. ఆ కాస్త సమయంలోనే గొట్టం గుళ్లో గంటలా అదురుతుంది. కంటికి కనిపించదు, చేతికి తెలియదు, కానీ మూతి సన్నగా పైకీ కిందికీ ఊగుతుంది. ఇదేం నిన్న మొన్న కనిపెట్టింది కాదు. మాలక్ అనే ఆంగ్లేయుడు 1901లోనే రైఫిల్ గొట్టాల అదురు మీద లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం రాశాడు. మన పోలీసుల భుజాల మీద దశాబ్దాల పాటు చూసిన లీ ఎన్‌ఫీల్డ్ తుపాకీకి దూరపు గురిలో మంచి పేరు రావడానికి ఈ ఊగుడే ఒక కారణమని తుపాకుల శాస్త్రం తెలిసినవాళ్లు చెప్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. పాయింట్ టూటూ పోటీ తూటా సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో పోతుంది. యాభై మీటర్లు పోయేలోపు భూమి ఆకర్షణకు సుమారు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. అదంతా సైట్లు సరిచేసుకుంటే సరిపోతుంది. కానీ ప్రతి తూటా ఒకే వేగంతో పోదు. ఒకటి నూటికి ఒక వంతు నెమ్మదిగా పోయిందనుకోండి, రెండున్నర మిల్లీమీటర్లు కింద తగులుతుంది. యాభై మీటర్ల కార్డులో పది చక్రం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. దశాంశ స్కోరులో ప్రతి 0.8 మిల్లీమీటరుకూ ఒక పదోవంతు పోతుంది. అంటే ఆ ఒక్క శాతం తేడాకే మూడు పదోవంతులు గోవిందా.

ట్యూనర్ ఇక్కడ సాయం చేస్తుందంటారు. నెమ్మది గుండు గొట్టంలోంచి కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది కదా. ఆ సమయానికి మూతి పైకి లేస్తూ ఉంటే, ఆలస్యమైన గుండు కాస్త ఎత్తు చూపుతో బయటపడి, కింద పడాల్సింది సరిగ్గా మధ్యకు వస్తుంది. బరువును ముందుకీ వెనక్కీ జరిపి గొట్టం ఊగే లయను అట్లా కుదర్చాలి. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! మాకూ మొదట వినగానే ఒళ్లు పులకరించింది. బల్ల మీద రైఫిల్ పెట్టి పాయింట్ టూటూ పోటీలు చేసే అమెరికావాళ్లలో ట్యూనర్ లేనివాళ్లను వెతుక్కోవాలి. మరోపక్క బ్రయాన్ లిట్జ్ అనే అక్కడి బాలిస్టిక్స్ నిపుణుడే పెద్ద రైఫిళ్ల మీద ట్యూనర్లను పరీక్షించి, గుండ్ల సంఖ్య పెంచి చూస్తే సెట్టింగుల మధ్య కనబడిన తేడాలు నిలబడలేదని పుస్తకంలో రాశాడు. పెద్ద రైఫిల్ వేరు, మన పాయింట్ టూటూ వేరు, ఒకదాని ఫలితం ఇంకోదానికి అంటగట్టలేం. కాబట్టి "ట్యూనర్ పనిచేస్తుందా" అని గాల్లో అడిగితే లాభం లేదు. ఈ రైఫిల్ మీద, ఈ తూటాతో, ఈ సెట్టింగ్ దగ్గర పనిచేస్తుందా అని అడగాలి. దానికి జవాబు కాల్చి చూస్తేనే వస్తుంది.

"కాల్చి చూశారు కదా, కార్డులు చూపించారు కదా" అని కమిటీ అంటోంది. ఆ కార్డుల గురించే మా గొడవంతా.

అమ్మే మనిషి రేంజ్‌కు వచ్చి ఏం చేశాడు? మర పది అంకెల మీద పెట్టాడు. ఒక్కో అంకె దగ్గర ఐదు గుండ్లు కాల్పించాడు. పది కార్డులు వరసగా పేర్చి, అన్నింటికంటే దగ్గర దగ్గరగా గుండ్లు పడిన కార్డు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఇదిగో మీ రైఫిల్ జాతకం" అన్నాడు. పక్కనే బాగా చెదిరిపోయిన కార్డు పెట్టి ఫోటో తీశాడు. ఆ ఫోటో చూసే మనం కరిగిపోయాం.

ఇంట్లో పిల్లలతో ఒక పని చేయండి. నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, మూడడుగుల దూరంలో నిలబడి, ఐదు చింతపిక్కలు ఆ గుర్తు మీద పడేటట్టు ఒక్కొక్కటే వేయండి. అన్నింటికంటే దూరంగా పడ్డ రెండింటి మధ్య కొలవండి. ఇట్లా పదిసార్లు చేయండి. ఒకసారి అన్నీ గుర్తు చుట్టూ ముద్దగా పడతాయి, ఒకసారి వాకిలంతా పడతాయి. మీ చెయ్యి మారలేదు, పిక్కలు మారలేదు, గుర్తు మారలేదు. రైఫిలైనా అంతే. గుండ్లు చెదరడం అనే లెక్క తెలిసినవాళ్లను అడగండి: ఏమీ మార్చకుండా ఐదేసి గుండ్ల గ్రూపులు పది కాలిస్తే, అన్నింటికంటే పెద్దది చిన్నదానికి దాదాపు రెండింతలు ఉండటం మామూలు సంగతి. ఎర్ర పెన్ను సున్నాకు ట్యూనర్ అక్కర్లేదు. పది కార్డులుంటే చాలు.

మన రైతులకు ఇది చెప్పాల్సిన పనే లేదు. రోడ్డు పక్కన కంపెనీ బోర్డు పెట్టి పెంచిన మొక్కజొన్న మడి చూసి విత్తనం కొని మునిగినవాళ్లు మన ఊళ్లో ఎంతమంది లేరు? అందుకే ఇప్పుడు డీలర్ ఎంత చెప్పినా మనవాళ్లు ఏమంటారు? "నా చేలోనే, అదే వానకు, అదే ఎరువుకు, పాత విత్తనం పక్కన నాలుగు సాళ్లు వేసి చూస్తా" అంటారు. ఎకరం మొక్కజొన్నకు ఉన్న తెలివి సంఘం డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

ఇక మేం చేసిన పని. దీని మీదే పెద్దలకు కోపం వచ్చింది, అందుకే దాచకుండా చెప్తాం. అమ్మే మనిషి నెలరోజులకని వదిలిపోయిన ట్యూనర్‌నే వాడాం. బళ్లారిలో రాత్రి బస్సెక్కి అమ్మాయితో, వాళ్ల నాన్నతో రేంజ్‌కు పోయాం. కోచ్ సారు ఒప్పుకున్నారు. ఆయన చేతుల మీదుగానే జరిగింది, రైఫిల్ గానీ తూటాలు గానీ మేం ముట్టుకోలేదు. లైసెన్సు చట్టం మాకూ తెలుసు.

మొదటిరోజు మరను ఒక అంకె మీద పెట్టి, పైన టేపు చుట్టేశాం. ఆధారం మీద రైఫిల్ ఆనించి అమ్మాయి పది కార్డులు కాల్చింది, కార్డుకు ఐదు. మధ్యలో మర ఒక్క గీత కూడా కదలలేదు. ఆ పది కార్డులనే సమావేశంలో పెద్దల ముందు పరిచి, "వీటిలో మంచి సెట్టింగ్ ఏదో చెప్పండి" అన్నాం. ఒకాయన కళ్లద్దాలు సవరించుకుని నాలుగోది తీశారు, ఇంకొకాయన కూడా అదే అన్నారు, తొమ్మిదోది మాత్రం పనికిరాదని ముగ్గురూ తేల్చారు. అప్పుడు చెప్పాం, పదీ ఒకే సెట్టింగ్ అని.

"మమ్మల్ని వెర్రివాళ్లను చేశారు" అని లేచి వెళ్లిపోయారు. నిజమే, నలుగురి ముందు పెద్దవాళ్లను అట్లా ఇరకాటంలో పెట్టడం మర్యాద కాదు. దానికి ఇక్కడే క్షమాపణ అడుగుతున్నాం. కానీ అమ్మే మనిషి మనల్ని చేసింది కూడా అదే పని కదా. ఆయన మీద రాని కోపం మా మీద ఎందుకు వచ్చిందో పెద్దలే ఆలోచించాలి. మేమైతే చివర్లో నిజం చెప్పాం.

రెండోరోజు అసలు పరీక్ష. అమ్మే మనిషి ఎర్ర సున్నా చుట్టిన అంకె ఒకటి, మర పూర్తిగా వెనక్కి తిప్పిన సున్నా అంకె ఒకటి. ట్యూనర్ తీసేయలేదు. తీసేస్తే రైఫిల్ ముందు బరువు తగ్గి, పట్టు మారి, ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది. కోచ్ సారు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి గుడ్డ కప్పేవారు. ఏది ఎప్పుడో అమ్మాయికి తెలియదు, కార్డులు కొలిచిన మాకూ తెలియదు. ఒక్కోదానికి నలభై గుండ్లు. వరసగా ఒకదాని తర్వాత ఒకటి కాకుండా మార్చి మార్చి కాల్పించారు, మధ్యాహ్నం గాలి లేస్తే రెండింటికీ సమంగా తగలాలని.

చివర్లో సారు చీటీ విప్పాడు. రెండింటి సగటు మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. నిజానికి సున్నా అంకెదే ఒక పిసరు మేలుగా ఉంది, కానీ దాన్ని పట్టుకుని మేం ఊరేగం. ఆ పిసరు చింతపిక్కల తేడానే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా పరీక్ష చిన్నది. ట్యూనర్ వల్ల పావువంతు మేలు ఉంటే ఆ నలభై గుండ్లలో కనబడే అవకాశం బాగా ఉండేది. నూటికి పది వంతుల మేలైతే కనబడదు. అంత చిన్న తేడా పట్టుకోవాలంటే ఒక్కో సెట్టింగ్‌కు తక్కువలో తక్కువ మూడు వందల గుండ్లు కావాలి, అంటే యాభై తూటాల డబ్బాలు ఆరేసి. కాబట్టి "ట్యూనర్ దండగ అని తేలిపోయింది" అని మేం అనం. మనకు తెచ్చి చూపించిన రుజువు రుజువు కాదని మాత్రం తేలిపోయింది.

ఆ రోజే ఇంకొకటి చూశాం, ఎవరూ అడగకుండానే. క్లబ్బులో ఒకే కంపెనీ, ఒకే రంగు డబ్బా తూటాలు మూడు లాట్లవి ఉన్నాయి. డబ్బా మీద లాట్ నంబరు మాత్రమే వేరు. సారు మూడూ మార్చి మార్చి కాల్పించారు. అందులో ఒక లాట్ ప్రతిసారీ నిలువుగా చెదిరింది, ప్రతిసారీ. అమ్మాయి రెండు నెలలుగా వాడుతున్నది ఆ లాటే! పాపం, తన ఊపిరి పట్టడంలోనే తప్పుందని రోజూ పొద్దున్నే లేచి ప్రాణాయామం చేస్తోంది. ఈలీ, లాపువా లాంటి తూటా కంపెనీలు పరీక్షా కేంద్రాలు పెట్టి, షూటర్లు తమ రైఫిళ్లతో అక్కడికే వచ్చి లాట్ తర్వాత లాట్ కాల్చి ఎంచుకునే ఏర్పాటు ఎందుకు చేశాయో మాకు ఆ సాయంత్రం అర్థమైంది. మనం బర్మింగ్‌హామ్ పోనక్కర్లేదు. దొరికిన మూడు లాట్లనైనా వరసపెట్టి చూసుకోవచ్చు కదా.

ఇక మా మీద వేసిన రాళ్లు.

"గగన్ నారంగ్ 2008 బీజింగ్‌లో 595 కొట్టి కూడా కౌంట్‌బ్యాక్‌లో ఫైనల్ పోగొట్టుకున్నాడు, వెంట్రుకవాసిలో పోతుంది ఆట, అందుకే ప్రతి వస్తువూ కావాలి" అని ఒక సభ్యుడు రాశారు. మంచి ఉదాహరణ. హైదరాబాద్ కుర్రాడు, మనందరికీ గర్వం, 2012లో లండన్‌లో కంచు తెచ్చేదాకా ఆ దెబ్బ మోశాడు. కానీ ఆ ఉదాహరణ మా వాదనకే బలం. వెంట్రుకవాసిలో పోయే ఆటలో వెంట్రుకవాసి కొలవకుండా వస్తువు ఎట్లా కొంటారు? అదే లండన్‌లో యాభై మీటర్ల ప్రోన్‌లో బెలారస్ మార్తినోవ్ అరవై గుండ్లకు 600 కొట్టాడు, మన జయదీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. ఆ స్థాయిలో ఎవరి రైఫిల్ మీద ఏముందో చూసి కాపీ కొట్టడం తేలిక. వాళ్లు దాన్ని ఎన్ని వేల గుండ్లతో పరీక్షించి పెట్టుకున్నారో ఫోటోలో కనబడదు. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల మూడు భంగిమల్లో కంచు తెచ్చినప్పుడు మన గ్రూపులో అందరం మిఠాయి బొమ్మలు పెట్టాం. కొల్హాపూర్ పల్లె కుర్రాడు. ఆయన కథలో మనకు పనికొచ్చేది ఏళ్ల తరబడి చేసిన సాధన. గొట్టం చివర ఏం బిగించాడన్నది తర్వాతి సంగతి.

"అమ్మాయికి నమ్మకం కలుగుతుంది, అది చాలదా" అన్నది ఇంకో రాయి. దీనికే మాకు నిజంగా కోపం వచ్చింది. ట్యూనర్ బిగించిన నెలలో ఏమైందో వాళ్ల నాన్న మాకు చెప్పారు, ఆయన అనుమతితోనే రాస్తున్నాం. ప్రతి సిరీస్ ముందు అమ్మాయి మర ఒక గీత తిప్పడం మొదలుపెట్టింది. ఒక తొమ్మిది పడితే ఒక గీత ఇటు, ఇంకో తొమ్మిది పడితే రెండు గీతలు అటు. రాత్రి నోటుబుక్కులో అంకెలు రాసుకుంటూ పన్నెండు దాకా మేలుకునేది. గురి చూసే పిల్ల గొట్టం చివర చూడటం నేర్చుకుంది. చింతపిక్కల తేడాను వెంటాడితే ఎంత దూరం పోయినా దొరకదు. పరీక్ష అయిపోయిన సాయంత్రం చీటీ చూసి అమ్మాయి ఏమందో తెలుసా? "అంటే నేను బాగానే కాలుస్తున్నానా, మామా?" అని. అంతసేపూ మౌనంగా ఉన్న కోచ్ సారు అటు తిరిగి నిలబడ్డారు.

డబ్బు సంగతి క్లుప్తంగా. క్రీడానిధి అంటే ఉగాదికి ఇంటింటికీ తిరిగి జోలె పట్టిన డబ్బు. గనుల్లో లారీ తోలేవాళ్లు కూడా ఒకరోజు కూలి వేశారు. రెండు ట్యూనర్ల దిగుమతి ఖర్చు పెడితే చిన్నోడి పోటీల ప్రయాణాలకు ఈ ఏడు ఏమీ మిగలదు, లెక్క కోశాధికారే చదివారు. ఆ చిన్నోడు ఇంకా పది మీటర్ల ఎయిర్ రైఫిలే కాలుస్తున్నాడు, వాడికి ఇప్పుడే ట్యూనర్ ఎందుకు? అడిగితే "రెండు కొంటే తగ్గింపు" అన్నారు. చీరల అంగడిలో వినే మాట అది.

కమిటీలో ఎవరో కమీషన్ తిన్నారని మేం అనడం లేదు, అనుకోవడం కూడా లేదు. బిడ్డ మీద ప్రేమతోనే తొందరపడ్డారు. కానీ ప్రేమతో పెట్టినా దండగ దండగే.

మేం అడిగేది ఇదీ. తీర్మానం రద్దు చేయమనడం లేదు, రెండు నెలలు పక్కన పెట్టండి. ముందు లాట్ పరీక్ష చేయించి, మంచి లాట్ దొరికితే నేషనల్స్ దాకా సరిపడా క్లబ్బు ద్వారా అదే తీసుకుందాం. అమ్మే మనిషికి తన వస్తువు మీద అంత నమ్మకం ఉంటే ఆ ట్యూనర్‌ను ఇంకో నెల ఉండనివ్వమనండి. సెట్టింగ్ ఆయనే ఎంచుకోనివ్వండి, మేం వేలు పెట్టం. ఆ సెట్టింగ్‌కు మూడు వందలు, సున్నాకు మూడు వందలు, అంకె ఎవరికీ కనబడకుండా, కోచ్ సారు చేతుల మీదుగా. ఒక్కరోజులో కాదు, నాలుగైదు రోజుల మీద, అమ్మాయి అలసిపోకుండా. మేలు కనబడితే మొదటి చందా మేమే రాస్తాం, పెద్దల ఇళ్లకు వెళ్లి తప్పు ఒప్పుకుంటాం. పోటీలో ఆ బరువుతో పరికరాల తనిఖీ దాటుతుందో లేదో కూడా ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి, ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరూ ఎత్తనే లేదు.

మమ్మల్ని నమ్మొద్దు. వచ్చి చూడండి. రెండో శనివారం రాత్రి బళ్లారి బస్సుకు ఆరు సీట్లు అడిగి పెట్టాం. మేం నలుగురం పోగా రెండు ఖాళీ ఉన్నాయి, కమిటీ నుంచి ఇద్దరు రావాలి. నాలుగో కార్డు తీసిన పెద్దాయనే వస్తే మరీ సంతోషం, కళ్లద్దాలు మర్చిపోకుండా తెచ్చుకోండి, కార్డులు ఈసారి మీరే కొలవాలి. తూటాల ఖర్చులో మా నలుగురి వాటా నిన్ననే కోశాధికారి దగ్గర కట్టి రసీదు తీసుకున్నాం. మిగతాది ఎవరెవరు ఎంత వేస్తారో శుక్రవారం లోపు కింద రాయండి.